పాత కార్టూన్ల టైటిల్ ట్యూన్లు ఎవరు కట్టారు, ఎక్కడి నుంచి వచ్చాయి?

మీ ప్రశ్నలో మూడు ముక్కలున్నాయి. వార్నర్ బ్రదర్స్ స్టూడియో కార్టూన్ సిరీస్ లూనీ ట్యూన్స్ మొదట్లో రంగు రింగులతో పాటు వినిపించే ట్యూన్ ఎవరిది, అది కార్టూన్ కోసమే కట్టారా అన్నది ఒకటి. పాపాయ్, టామ్ అండ్ జెర్రీ, పింక్ పాంథర్ లాంటి వాటి సంగతేమిటి అన్నది రెండోది. మీరు పెట్టబోయే పిల్లల కథల ఛానల్‌కి అలాంటిది వాడుకోవచ్చా అన్నది మూడోది. నేను హైదరాబాద్‌లో చాలా ఏళ్లుగా యానిమేషన్ ఎపిసోడ్లకు టైటిల్ మ్యూజిక్, ఆర్ఆర్ (సీన్ల వెనక వినిపించే సంగీతం) చేస్తున్నాను. ఈ పని నేర్చుకున్నదే ఆ పాత కార్టూన్లు మళ్లీ మళ్లీ వింటూ, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు సూటిగా జవాబు. లూనీ ట్యూన్స్ ట్యూన్ కార్టూన్ కోసం కట్టింది కాదు. 1937లో క్లిఫ్ ఫ్రెండ్, డేవ్ ఫ్రాంక్లిన్ అనే ఇద్దరు కలిసి రాసిన 'ద మెర్రీ-గో-రౌండ్ బ్రోక్ డౌన్' అనే సరదా పాట అది. రంగులరాట్నం ఎక్కిన జంట, అది పాడైపోయినందుకు సంబరపడిపోవడం ఆ పాటలో విషయం. మార్కెట్లో ఉన్న ఆ పాటను కార్టూన్ వాళ్లు తెచ్చి టైటిల్స్ మీద పెట్టారు. పాపాయ్ పాట మాత్రం కార్టూన్ కోసమే రాసింది. పింక్ పాంథర్ ట్యూన్ పుట్టింది సినిమా కోసం, కార్టూన్ సిరీస్ దాని వెనక వచ్చింది. ఫ్లింట్‌స్టోన్స్, స్కూబీ డూ లాంటి టీవీ కార్టూన్లవి పూర్తిగా ఆర్డరిచ్చి చేయించుకున్నవి. అంటే అన్నిటికీ ఒకే జవాబు లేదు. కానీ ఒక్కటి పట్టుకుంటే మిగతావన్నీ వాటంతట అవే అర్థమవుతాయి: ఆ రోజుల్లో ఆ పాట హక్కులు ఎవరి చేతిలో ఉన్నాయో చూడండి.

వార్నర్ బ్రదర్స్ సంగతే తీసుకుందాం. 1920ల చివర్లో సినిమాకి మాట వచ్చింది, మాటతో పాటు పాట వచ్చింది. ప్రతి పాటకీ బయటి పబ్లిషర్‌కి డబ్బు కట్టడం ఎందుకని వార్నర్ వాళ్లు ఏకంగా పాటల పబ్లిషింగ్ కంపెనీలనే కొనేశారు. విట్‌మార్క్, రెమిక్, హార్మ్స్ అనే మూడు పెద్ద కంపెనీలు అలా వాళ్ల చేతికి వచ్చాయి. అప్పట్లో అమెరికాలో పాట అమ్ముడుపోవడమంటే రికార్డు ఒక్కటే కాదు, ఇంట్లో పియానో ఉన్నవాళ్లు ఆ పాట నొటేషన్ కాగితం కొనుక్కుని వాయించుకునేవాళ్లు, ఆ కాగితాల అమ్మకం మీద బోలెడు డబ్బు. మరి జనానికి పాట తెలియాలిగా. థియేటర్లో అసలు సినిమాకి ముందు ఏడు నిమిషాల కార్టూన్ పడుతుంది, అందులో మన పాట పెడితే ఊరూరా ప్రచారం ఉచితం.

ఇది నా ఊహ కాదు, వాళ్ల టైటిల్స్ చూస్తేనే తెలిసిపోతుంది. 1930లో వచ్చిన మొట్టమొదటి లూనీ ట్యూన్స్ కార్టూన్ పేరు 'సింకిన్ ఇన్ ద బాత్‌టబ్'. ఏడాది ముందు వార్నర్ వాళ్లదే 'ద షో ఆఫ్ షోస్' సినిమాలో 'సింగిన్ ఇన్ ద బాత్‌టబ్' అనే పాట ఉంది, దాన్ని కొంచెం తిప్పారంతే. 1931లో రెండో సిరీస్ మెర్రీ మెలడీస్ మొదలుపెట్టినప్పుడైతే వార్నర్ చేతిలో ఉన్న పాట ఒకటి ప్రతి కార్టూన్‌లోనూ వినిపించాలన్నది షరతు. కథ మంచి ఊపులో ఉండగా ఆపేసి పాత్రలన్నీ కలిసి పాట ఎత్తుకునేవి. ఈ షరతు ఉన్నన్నాళ్లూ డైరెక్టర్లు విసుక్కుంటూనే చేశారు, 1930ల చివరికి వచ్చేసరికి అది సడలింది.

మీరు విన్నవి ఒకటి కాదు, రెండు ట్యూన్లు. చాలామంది వీటిని కలిపేస్తారు. బగ్స్ బన్నీ కార్టూన్లలో కొన్ని లూనీ ట్యూన్స్ కింద, కొన్ని మెర్రీ మెలడీస్ కింద వచ్చాయి. మెర్రీ మెలడీస్ వాటి మొదట్లో వినిపించేది 'మెర్రిలీ వి రోల్ అలాంగ్'. 1935లో చార్లీ టోబియాస్, మర్రే మెంచర్, ఎడ్డీ కాంటర్ రాసింది. ఈ కాంటర్ అప్పట్లో రేడియోలో, సినిమాల్లో పెద్ద స్టార్. 1936 నుంచి అది మెర్రీ మెలడీస్ టైటిల్ ట్యూన్ అయింది, మరుసటి ఏడాది లూనీ ట్యూన్స్‌కి రంగులరాట్నం పాట వచ్చింది. అంతకు ముందు వేరే ట్యూన్లు ఉండేవి. లూనీ ట్యూన్స్ 'ఎ హాట్ టైమ్ ఇన్ ది ఓల్డ్ టౌన్' అనే పాత పాటతో మొదలైంది, మెర్రీ మెలడీస్ హెరాల్డ్ ఆర్లెన్ కట్టిన 'గెట్ హ్యాపీ'తో. మధ్యలో ఇంకా మార్చారు. ఏదీ శాశ్వతం అనుకోలేదు వాళ్లు, ఆ ఏడాది ఏ పాట ఊపులో ఉంటే అది. రంగులరాట్నం పాట నిలిచిపోయిందంటే అది పదే పదే పడటం వల్లా, కార్ల్ స్టాలింగ్ అనే మనిషి దాన్ని అరేంజ్ చేసిన తీరు వల్లా.

ఈ స్టాలింగ్ గురించి చెప్పకపోతే జవాబు సగమే. మిస్సోరీ రాష్ట్రంలో 1891లో పుట్టాడు. మూకీల కాలంలో కాన్సస్ సిటీ థియేటర్లలో ఆర్గాన్ వాయించేవాడు. తెర మీద బొమ్మ నడుస్తుంటే దానికి తగ్గట్టు అప్పటికప్పుడు తెలిసిన పాటల్ని కలుపుకుంటూ పోవడమే ఆ ఉద్యోగం. ఏడుపు సీనుకి ఒకటి, గుర్రాల సీనుకి ఇంకొకటి, దొంగ వస్తే మరొకటి. చేతిలో వందల పాటలు తయారుగా ఉండాలి. అక్కడే వాల్ట్ డిస్నీతో పరిచయం. 1928లో మిక్కీ మౌస్ తొలి మూకీ కార్టూన్లు రెండింటికి డిస్నీ ఆయన చేతే సంగీతం చేయించుకున్నాడు. 1929 నాటి 'ద స్కెలిటన్ డాన్స్' ఆలోచన కూడా స్టాలింగ్‌దే. తర్వాత డిస్నీని వదిలి, 1936లో వార్నర్ కార్టూన్లు తీసే లియాన్ ష్లెసింగర్ దగ్గర చేరి, 1958 దాకా అక్కడే పనిచేసి 600కి పైగా కార్టూన్లకు సంగీతం ఇచ్చాడు. సగటున వారానికో పది రోజులకో ఒక స్కోరు. నా అనుభవంలో ఏడు నిమిషాల యానిమేషన్‌కి తెర మీద కదలికతో పాటు కదిలే సంగీతం రాయడమంటే కీబోర్డు, కంప్యూటరు అన్నీ ఉన్న ఈ రోజుల్లోనే వారం చాలదు, ఆయన కాగితం మీద రాసి యాభై మంది దాకా ఉన్న ఆర్కెస్ట్రాతో వాయించాడు.

వార్నర్‌లో ఆయనకి రెండు అదృష్టాలు కలిసొచ్చాయి. సినిమాలకు వాయించే స్టూడియో ఆర్కెస్ట్రా అందుబాటులో ఉండటం ఒకటి. వార్నర్ కొన్న పాటలన్నీ అడగకుండా వాడుకునే వీలు రెండోది. తిండి సీను వస్తే 'ఎ కప్ ఆఫ్ కాఫీ, ఎ శాండ్‌విచ్ అండ్ యూ', ఎర్ర గౌను అమ్మాయి వస్తే 'ద లేడీ ఇన్ రెడ్', గుహ కనిపిస్తే పాతకాలపు స్వరకర్త మెండెల్సన్ కట్టిన 'ఫింగల్స్ కేవ్'. పాట పేరు తెలిసినవాడికి లోపల ఇంకో నవ్వు దొరికేది, తెలియనివాడికి ట్యూన్ మాత్రం వినిపించేది. డైరెక్టర్ చక్ జోన్స్‌కి ఈ అలవాటు అంత నచ్చేది కాదు, ఎవరికీ గుర్తుండని పాట పేరు మీద జోకేమిటని ఆయన బాధ. నేనైతే స్టాలింగ్ పక్షమే. పేరు పట్టుబడకపోయినా ఆ ట్యూన్ సీనుకి సరిపోతోంది కదా, వినేవాడికి అది చాలు.

మీరు అడగలేదు గానీ ఇక్కడే చెప్పాల్సింది ఇంకొకటుంది. కార్టూన్లో ఫ్యాక్టరీ, యంత్రాలు, కన్వేయర్ బెల్టు కనిపించగానే టకటకా తిరిగే ఒక ట్యూన్ వస్తుంది చూడండి, వినగానే గుర్తుపడతారు. దాని పేరు 'పవర్‌హౌస్', 1937లో రేమండ్ స్కాట్ అనే జాజ్ బ్యాండ్ లీడర్ కట్టాడు. స్కాట్ జీవితంలో కార్టూన్ కోసం ఒక్క స్వరం రాయలేదు. 1943లో ఆయన పాటల హక్కులు వార్నర్ చేతికి వచ్చాయి, ఇంకేముంది, స్టాలింగ్ బృందం దాన్ని 40కి పైగా కార్టూన్లలో వాడేసింది. ఇది కూడా హక్కుల సంగతే, చూశారా.

ఆ మొదటి 'బొయ్ఁయ్ఁయ్' ఏమిటి? వార్నర్ గుర్తైన డబ్ల్యూబీ డాలు బొమ్మ దూరం నుంచి ముందుకు దూసుకొచ్చేటప్పుడు వినిపించే సాగదీసిన శబ్దం చాలామంది ఎఫెక్ట్ అనుకుంటారు. అది ఎలక్ట్రిక్ స్టీల్ గిటార్. హవాయి పద్ధతిలో గిటార్ని పడుకోబెట్టి తీగల మీద ఇనప కడ్డీ జార్చుతూ వాయిస్తారు. వాయించింది హవాయికి చెందిన ఫ్రెడ్డీ టవారెస్ అని చెబుతారు. ఆయనే తర్వాత లియో ఫెండర్ దగ్గర చేరి 1954లో వచ్చిన స్ట్రాటోకాస్టర్ గిటార్ డిజైన్‌లో పాలుపంచుకున్నాడు. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ మొదటి రెండు మూడు సెకన్లు మాత్రమే నాలుగైదు సార్లు వినండి. కడ్డీ కింది నుంచి పైకి జారుతూ పోతుంది, తెర మీద డాలు పెద్దదవుతూ వస్తుంది, డాలు ఆగీ ఆగగానే ఆర్కెస్ట్రా ట్యూన్ ఎత్తుకుంటుంది. జారుడు ఆగడం, బొమ్మ ఆగడం, ట్యూన్ మొదలవడం అన్నీ ఒక్కచోట పడతాయి. ఇది గాలివాటంగా కుదిరే పని కాదు.

ఎలా కుదిర్చేవాళ్లో చెప్తాను, ఎందుకంటే మీకు రేపు పనికొచ్చేది ఇదే. సినిమా రీలు సెకనుకి 24 ఫ్రేములు, అంటే నిమిషానికి 1440. ప్రతి 12 ఫ్రేములకి ఒక బీట్ అనుకుంటే నిమిషానికి 120 బీట్లు. 10 ఫ్రేములకైతే 144, 8 ఫ్రేములకైతే 180. బొమ్మలు గీసేవాళ్లు, సంగీతం రాసేవాళ్లు ముందే ఈ లెక్క ఒప్పుకుంటే ఎలుక ప్రతి అడుగూ బీట్ మీద పడుతుంది. 1928లో డిస్నీ 'స్టీమ్‌బోట్ విల్లీ' చేస్తున్నప్పుడు విల్‌ఫ్రెడ్ జాక్సన్ అనే యానిమేటర్ టిక్ టిక్ మని లయ కొట్టే మెట్రోనోమ్ తెచ్చి ఈ లెక్క కుదిర్చాడు, వాళ్లమ్మ పియానో టీచర్. అందులో వినిపించే 'స్టీమ్‌బోట్ బిల్', 'టర్కీ ఇన్ ద స్ట్రా' రెండూ అప్పటికే జనం నోళ్లలో ఉన్నవే, కొత్తవి కావు. తర్వాత వాయించేవాళ్ల చెవిలో టిక్ టిక్ మని లెక్క వినిపించే పద్ధతి వచ్చింది, దాని తొలి రూపాల్లో స్టాలింగ్ చేయి ఉంది. మన రికార్డింగ్ థియేటర్లలో ఇవాళ 'క్లిక్ వేయండి' అంటామే, అది దాని వారసత్వమే.

ఇక్కడొక జాగ్రత్త. మన దగ్గర టీవీ పనికి చాలాసార్లు సెకనుకి 25 ఫ్రేముల ఫైలు వస్తుంది. అందులో 12 ఫ్రేముల బీట్ 120 కాదు, 125 అవుతుంది. ముప్పై సెకన్ల టైటిల్‌లో మొదటి నాలుగు అడుగులూ బాగానే ఉన్నట్టుంటాయి, చివరికొచ్చేసరికి అడుగొకచోట, దెబ్బొకచోట. కొత్తగా చేరే కుర్రాళ్లకి నేను మొదటి రోజు చెప్పేది ఇదే, ఫైలు తెరిచీ తెరవగానే ఫ్రేమ్ రేటు చూడండి, తర్వాతే కీబోర్డు ముట్టుకోండి.

సరే, పాపాయ్. ఇది 1933 సంగతి, న్యూయార్క్‌లో ఫ్లైషర్ స్టూడియో. పత్రికలో వచ్చే బొమ్మల కథలోని నావికుణ్ణి మొదటిసారి తెర మీదికి తెస్తున్నారు, జనానికి అతనెవరో పరిచయం చెయ్యాలి. అందుకే శామీ లెర్నర్ రాసిన పాటలో పాత్ర తన గురించి తనే చెప్పుకుంటాడు, నేను ఫలానా, పాలకూర తింటాను, చివరిదాకా పోరాడతాను అని. పాట మధ్యలో పైపు కూత రెండుసార్లు, అంతే, పదేళ్ల పిల్లాడికి ఒక్కసారి వింటే వచ్చేస్తుంది. టైటిల్స్ మొదట్లో వచ్చే చిన్న ముక్క మాత్రం 'సెయిలర్స్ హార్న్‌పైప్' అనే పాత నావికుల నాట్యం ట్యూన్, అది ఎవరి సొంతమూ కాదు. అంటే మొదట జనం ట్యూన్, వెంటనే సొంత పాట, ఆ అతుకు ఎంత చక్కగా వేశారో వినండి.

వుడీ వుడ్‌పెక్కర్ అనే వడ్రంగి పిట్ట కార్టూన్‌ది ఇంకో దారి. అక్కడ నవ్వు ముందు పుట్టింది, పాట తర్వాత. మెల్ బ్లాంక్ గొంతుతో మొదలైన ఆ నవ్వు నుంచి జార్జ్ టిబుల్స్, రామీ ఇడ్రిస్ పాట అల్లారు. 1948లో కే కైజర్ బ్యాండ్ పాడిన రికార్డు అమెరికా అంతా మోగింది, 'వెట్ బ్లాంకెట్ పాలసీ' కార్టూన్ ద్వారా ఆ పాట ఉత్తమ పాట విభాగంలో ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్లింది. చిన్న కార్టూన్‌లోని పాటకి అలా దక్కడం మరెప్పుడూ జరగలేదు. నవ్వు తనదే కదా అని బ్లాంక్ కోర్టుకి కూడా వెళ్లాడు. గొంతు ఎవరిది, హక్కు ఎవరిది అన్న గొడవ ఇవాళ్టిది కాదు.

టామ్ అండ్ జెర్రీకి వస్తే, మన ఇళ్లలో అందరికీ ఇదే ఎక్కువ తెలుసు, భాష అక్కర్లేదు కాబట్టి తాత, మనవడు కలిసి చూస్తారు. 1940 నుంచి 1958 దాకా ఎం.జి.ఎం. స్టూడియోలో హన్నా, బార్బెరా తీసిన 114 కార్టూన్లే అసలైనవి, వాటి సంగీతం దాదాపు అంతా స్కాట్ బ్రాడ్లీది. ఈయన స్టాలింగ్‌లా పాటల ముక్కలు అతకడం కంటే సొంతంగా రాయడానికే మొగ్గేవాడు. ఎం.జి.ఎం. సినిమా పాటలు తీసుకోలేదని కాదు, 'ద ట్రాలీ సాంగ్' చాలాచోట్ల వినిపిస్తుంది, కానీ మనసంతా కొత్తగా రాయడం మీదే. 1944 నాటి 'పుట్టిన్ ఆన్ ద డాగ్'లో షోన్‌బర్గ్ అనే ఆధునిక స్వరకర్త పద్ధతిలో పన్నెండు స్వరాల వరసని వాడాడు. కచేరీ హాల్లో వింటే జనం లేచి వెళ్లిపోయే సంగీతం, కుక్క తల తొడుక్కున్న ఎలుక పరిగెడుతుంటే మూడేళ్ల పిల్ల కూడా హాయిగా నవ్వుతూ వింటుంది. బ్రాడ్లీని తలుచుకుంటే నాకు ఇప్పటికీ గౌరవంతో చేతులు జోడించాలనిపిస్తుంది.

ఎం.జి.ఎం. తర్వాతి రోజుల్లో తన సంగీత లైబ్రరీలోని నొటేషన్ కాగితాలు చాలావరకు చెత్తలో పారేసింది. అందుకే జాన్ విల్సన్ ఆర్కెస్ట్రా 2013లో లండన్‌లో బీబీసీ ప్రామ్స్ కచేరీలో టామ్ అండ్ జెర్రీ సంగీతం వాయించడానికి ముందు దాన్ని సౌండ్‌ట్రాక్ విని మళ్లీ రాయాల్సి వచ్చింది. ఆ వీడియో దొరికితే తాళవాద్యాల వాళ్లని చూడండి. పళ్లేలు పగలగొడుతూ, అరుస్తూ, బీట్ తప్పకుండా.

ఇంకో మాట, టీవీలో చూస్తున్నప్పుడు కొన్ని టామ్ అండ్ జెర్రీలు వింతగా, ఏదో మరో లోకంలో జరుగుతున్నట్టు వినిపిస్తాయని చాలామంది అడుగుతారు. మీ చెవి సరిగ్గానే పట్టింది. 1961, 62ల్లో జీన్ డైచ్ వాటిని ప్రాగ్ నగరంలో తీశాడు, అక్కడి స్టెపాన్ కోనిచెక్ సంగీతం ఇచ్చాడు. 1963 నుంచి చక్ జోన్స్ తీసిన వాటికి మొదట యూజీన్ పాడనీ చేశాడు. పిల్లీ ఎలుకా అవే, వెనక చేయి మారింది.

పింక్ పాంథర్ వరస తలకిందులు. 1963 నాటి బ్లేక్ ఎడ్వర్డ్స్ సినిమాలో పింక్ పాంథర్ అంటే ఒక వజ్రం. హెన్రీ మాన్సినీ ఆ ట్యూన్ని డేవిడ్ నివెన్ వేసిన నగల దొంగ పాత్ర కోసం కట్టాడు, అందుకే అది పిల్లి అడుగులతో నడుస్తుంది. టైటిల్స్‌లో గులాబీ చిరుత బొమ్మని గీసింది డిపాటీ-ఫ్రెలెంగ్ సంస్థ. మాన్సినీ ముందుగా వాళ్లకి ఒక టెంపో (ట్యూన్ వేగం) ఇచ్చి దానికి తగ్గట్టు కదలికలు గీయమన్నాడు, గీసి తెచ్చాక వాటి మీద సంగీతం పూర్తి చేశాడు. టెనర్ శాక్సాఫోన్ వాయించింది ప్లాస్ జాన్సన్. ఆ బొమ్మ సినిమాని మించి పోయింది, 1964లో దానితో తీసిన మొదటి కార్టూన్ 'ద పింక్ ఫింక్'కి ఆస్కార్ వచ్చింది. ట్యూన్ ఒకడి కోసం పుట్టి ఇంకొకడిదై పోయింది.

ఇలాంటిదే ఇంకొకటి, చార్లీ బ్రౌన్ బొమ్మల 'లైనస్ అండ్ లూసీ'. శాన్‌ఫ్రాన్సిస్కో జాజ్ పియానిస్టు విన్స్ గరాల్డీ దాన్ని కట్టింది బొమ్మల సృష్టికర్త షుల్జ్ మీద లీ మెండెల్సన్ తీస్తున్న డాక్యుమెంటరీకి. ఆ డాక్యుమెంటరీని ఏ ఛానలూ కొనలేదు. ట్యూన్ మాత్రం 1965 క్రిస్మస్ స్పెషల్‌లోకి వచ్చి అక్కడే స్థిరపడిపోయింది.

టీవీ కాలం వచ్చాక లెక్క మొత్తం మారింది. ఎం.జి.ఎం. కార్టూన్ విభాగం మూసేశాక 1957లో హన్నా, బార్బెరా సొంతంగా కంపెనీ పెట్టుకున్నారు. డబ్బు తక్కువ, గీసే బొమ్మలు తక్కువ, పెద్ద ఆర్కెస్ట్రా ప్రతి ఎపిసోడ్‌కీ కుదరదు. థియేటర్లో తలుపులు మూసి లైట్లార్పి చూపిస్తారు, ఇంట్లో అలా కాదు, పిల్లలు పెరట్లో ఆడుకుంటుంటారు. లోపల టీవీలో ట్యూన్ మొదలవగానే వాళ్లు పరిగెత్తుకు రావాలి. కాబట్టి పబ్లిషర్ పాట పనికిరాదు, కార్టూన్ పేరు, పాత్రల పేర్లు, వాళ్ల కథ అన్నీ ముప్పై నలభై సెకన్లలో చెప్పే సొంత పాట కావాలి. ఆ పని చేయగలిగినవాడు ప్రకటనలకు జింగిల్స్ కట్టేవాడే. హోయ్ట్ కర్టిన్ సరిగ్గా ఆ రంగం నుంచి వచ్చాడు. ఫ్లింట్‌స్టోన్స్, జెట్సన్స్ లాంటివన్నీ ఆయనవే.

ఫ్లింట్‌స్టోన్స్‌లో చాలామందికి తెలియనిది ఒకటుంది. 1960లో సిరీస్ మొదలైనప్పుడు ఆ పాట లేదు. మొదటి రెండు సీజన్లకీ 'రైజ్ అండ్ షైన్' అనే మాటల్లేని ట్యూన్ ఉండేది. మూడో సీజన్‌కి, అంటే 1962లో 'మీట్ ద ఫ్లింట్‌స్టోన్స్' వచ్చింది. తర్వాత పాత ఎపిసోడ్లు మళ్లీ మళ్లీ ప్రసారం చేసేటప్పుడు వాటి మొదట్లో కూడా కొత్త పాటే అతికించారు, దాంతో మొదటి ట్యూన్‌ని జనం మరిచిపోయారు. టైటిల్ మీద ఏది ఎక్కువసార్లు పడితే అదే అసలైనదవుతుంది, రంగులరాట్నం పాటకి జరిగింది కూడా ఇదే. 1967 స్పైడర్ మ్యాన్ పాటకైతే మూడు ఆస్కార్లు గెలిచిన పాల్ ఫ్రాన్సిస్ వెబ్‌స్టర్ మాటలు రాశాడు, బాబ్ హ్యారిస్ ట్యూన్ కట్టాడు. 1969 స్కూబీ డూ పాట డేవిడ్ మూక్, బెన్ రాలీలది.

మన దేశం వైపు ఒక్క ఉదాహరణ చాలు. 1990ల్లో దూరదర్శన్‌లో వచ్చిన మోగ్లీ జపాన్‌లో తీసిన సిరీస్, దానికి అక్కడి టైటిల్ పాట వేరే ఉంది. మన ప్రసారానికి గుల్జార్ మాటలు రాసి, విశాల్ భరద్వాజ్ ట్యూన్ కట్టి కొత్త పాట చేశారు. హిందీ ముక్క రాని మన పల్లెటూరి పిల్లలు కూడా ఆదివారం పొద్దున్న అది పాడుకున్నవాళ్లే. టీవీలో టైటిల్ పాట అక్కడి పిల్లల నోట్లో తిరగాలన్న సంగతి ఆ పాట చేయించినవాళ్లకి బాగా తెలుసు.

ఇక వాడుకోవచ్చా అన్న ప్రశ్న. లూనీ ట్యూన్స్ ట్యూన్ వద్దు. 1937లో అచ్చయిన పాటకి అమెరికాలో 95 ఏళ్ల రక్షణ, అంటే 2032 చివరిదాకా. మన చట్టంలో రాసినవాళ్లు పోయాక 60 ఏళ్లు, ఇద్దరు కలిసి రాస్తే చివరగా పోయిన మనిషి నుంచి లెక్క. 'మేం రికార్డు వాడట్లేదు కదా, సొంతంగా కీబోర్డు మీద వాయించాం' అని చాలామంది అంటారు. ట్యూన్ మీద హక్కు వేరు, రికార్డింగ్ మీద హక్కు వేరు. మీరు వాయిస్తే రెండోది తప్పుతుంది, మొదటిది అలాగే ఉంటుంది. నా దగ్గరికొచ్చిన ఒక చిన్న ఛానల్ వాళ్లు ఇలాగే ఒక పాత కార్టూన్ ట్యూన్‌ని వేరే చోట వాయించుకుని ప్రతి వీడియో మొదట్లో పెట్టారు. హక్కుదారుల నుంచి కాపీరైట్ క్లెయిమ్ పడింది, ఒక వీడియోకి కాదు, అన్నిటికీ. వచ్చే కాస్త ఆదాయం అటు మళ్లిపోయింది, పిల్లలకి అలవాటైన టైటిల్ తీసేసి కొత్తది పెట్టాల్సి వచ్చింది, టెన్షన్‌తో వాళ్లు నా దగ్గర కూర్చున్నప్పుడు చూడలేకపోయాను. ఇంకో మెలిక, 1929లో పుట్టిన పాపాయ్ పాత్ర తొలి రూపం 2025లో అమెరికాలో అందరిదీ అయింది, కానీ పాట తర్వాత వచ్చింది కాబట్టి దాని లెక్క వేరు. బొమ్మ వాడొచ్చు కదా అని పాట కూడా ఎత్తుకోకండి.

మరి ఏం చెయ్యాలి? వాళ్ల ట్యూన్ కాదు, వాళ్ల పద్ధతి తీసుకోండి. జనం నోట్లో ఉన్నది, ఎవరి సొంతమూ కానిది తీసుకుని దాని మీద కట్టడం వాళ్లు చేసిన పని. మనకి చెమ్మచెక్క ఉంది, కాళ్లాగజ్జా కంకాళమ్మ ఉంది, ఒప్పులకుప్ప ఉంది. ఒక పిల్లల సిరీస్‌కి నేను చెమ్మచెక్కని 10 ఫ్రేముల బీట్ మీద పెట్టి, కింద ట్యూబా, పైన జైలోఫోన్, వరస చివర నోరు మూసిన ట్రంపెట్, అక్కడక్కడా డప్పు వేశాను. మొదటి వరసకి చప్పట్లు కొడుతున్న చేతులు గీయించాను, ప్రతి చప్పట్టూ బీట్ మీద. కంపెనీ వాళ్లింట్లో పాప రెండోసారికే తెర ముందు నిలబడి చప్పట్లు కొట్టింది, ఇంక మార్పులేవీ అడగలేదు వాళ్లు. ఒక్క జాగ్రత్త, పాట పాతదే అయినా సినిమాలోనో ఆల్బమ్‌లోనో ఎవరో కట్టిన వరసని దించకండి, మీ ఊళ్లో ఆడవాళ్లు, పిల్లలు పాడుకునే వరసని ఫోన్‌లో రికార్డు చేసుకుని దాని మీద పని మొదలుపెట్టండి.

టైటిల్ ఇరవై సెకన్లు దాటనీయకండి, ఫోన్లో చూసే పిల్లలు అంతకు మించి ఆగరు. ఛానల్ పేరు ట్యూన్‌లోనే పాడించండి, మొదటి ఐదు సెకన్లలో. మ్యూజిక్ చేసిన వాళ్లతో, పాడిన వాళ్లతో కాగితం రాయించుకోండి, ట్యూన్ హక్కు ఎవరిది, రికార్డింగ్ ఎవరిది, యూట్యూబ్ కాకుండా రేపు టీవీకి వెళ్తే ఏమిటి అన్నవి అందులో ఉండాలి. తెలిసినవాళ్లే కదా అని నోటిమాటతో వదిలేయకండి. మీ వీడియోల ఫ్రేమ్ రేటు, టైటిల్‌లో ఏమేం కదులుతాయో రాయండి, ఏ టెంపో కుదురుతుందో లెక్కవేసి చెప్తాను.